నీళ్లలో గుచ్చిన ఊరి పేరు

ఐలేశాన్ని "ముంపోడు" అని పిలిచినప్పుడు ఆయన ఏనాడూ ఎదురు మాట్లాడలేదు. బస్సులో పిలిచారు. చాయ్ హోటల్లో పిలిచారు. రేషన్ షాపు ముందు వరుసలో నిలబడితే వెనకనుంచి పిలిచారు. రిజర్వాయర్ కట్టాలనుకున్నది ఆయన కాదు, ఊరిని ముంచాలనుకున్నదీ ఆయన కాదు. నలుగురి పొలాలకు నీళ్లొస్తాయంటే ఇల్లు, చెలక, తండ్రిని పాతిపెట్టిన జాగా అన్నీ వదిలి, సామాను ట్రాక్టర్‌లో వేసుకుని రోడ్డు పక్కనున్న పునరావాస కాలనీకి వచ్చినవాడు. అంత ఇచ్చినవాళ్ల ఊరి పేరు జిల్లాలో అందరి నోళ్లలో మెదలాలి. జరిగింది మాత్రం తలకిందులు. ఊటబావి అన్న పేరు నీళ్లలోకి పోయింది, "ముంపోళ్లు" అన్న మాట పైకి తేలింది.

నోటిమాట గాలికి పోతుందిలే అని ఆయన సరిపెట్టుకున్నాడు. ఆ మాట మ్యాపులోకి ఎక్కిందని తెలిసిన రోజున కూడా స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఆ రోజు కారులో ఇద్దరున్నారు. ఒకరు కారు యజమాని దివాకర్. నల్లగొండలో విత్తనాల దుకాణం ఉంది, చిట్యాల నుంచి దేవరకొండ దాకా ఆయనకు తెలియని రైతు లేడు. రెండో మనిషి హైదరాబాద్ నుంచి వచ్చిన ఆయన స్నేహితుడు. దేవరకొండ దాటి మహబూబ్‌నగర్ వైపు పోతుంటే ఒకచోట రోడ్డు రెండుగా చీలింది. కారులోనే బిగించి ఉన్న తెర మీది మ్యాపు నేరుగా పొమ్మంది. స్నేహితుడి చేతిలోని ఫోను ఎడమకు తిరగమంది.

"ఈ బండిదాని మాటింటే నీళ్లల్ల దిగుతం ఐలేశం. ఎడమకే కొట్టు" అన్నాడు దివాకర్.

స్నేహితుడు ఫోనులోకి వంగి చూసి పకపకా నవ్వాడు. "ముంపోళ్ల కాలనీ అట! గిదేం పేరు భయ్?"

"మా ఐలేశంది గా కాలనే."

"అరే, నువ్వు ముంపోనివా? మరింక బండి తోలుడెందుకయ్యా? సర్కారిచ్చింది కూసోని తినక?"

దివాకర్ కూడా నవ్వాడు. చెడ్డవాడేం కాదు, నవ్వొచ్చింది, నవ్వాడు. ఇలాంటి నవ్వులే మనుషులను ఎక్కువ కోస్తాయి, ఎందుకంటే వీటికి తిరిగి తిట్టడానికి లేదు. ఐలేశం బండిని ఎడమకు తిప్పాడు. కారు తెర మీద మాత్రం, నేరుగా పోయే పాత రోడ్డు చివర, ఊటబావి అనే పేరు ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆ తెరకు రిజర్వాయర్ సంగతి ఎవరూ చెప్పలేదు.

*

ఐలేశం తండ్రి సాయిలు బావులు తవ్వే మనిషి. చుట్టుపక్కల ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పిల్లల పళ్లు గారపట్టి, పెద్దల నడుములు వంగిపోతున్న కాలంలో ఊటబావిలో మాత్రం తియ్యటి నీళ్లుండేవి. పక్క ఊళ్లవాళ్లు బిందెలతో వచ్చి తోడుకుపోయేవాళ్లు. ఆ బావి పేరే ఊరి పేరయింది. ఐలేశం తండ్రిలాగా గడ్డపార పట్టలేదు. ముందు ట్రాక్టర్ ఎక్కాడు. ఆ తర్వాత దేవరకొండ రూట్లో జీపు తోలాడు. లోపల కూర్చున్నవాళ్లకంటే బయట వేలాడేవాళ్లు ఎక్కువుండే జీపు అది. తెలంగాణ వచ్చాక కారు డ్రైవర్‌గా నల్లగొండలో కుదురుకున్నాడు. వారమంతా దివాకర్ దుకాణం వెనక గదిలో ఉంటాడు. వారాంతంలో డిగ్రీ చదువుతున్న బిడ్డ నిరోషను హాస్టల్ దగ్గర ఎక్కించుకుని బస్సులో కాలనీకి పోతాడు. అక్కడ భార్య అండాలు, రెండు గేదెలు, సర్కారు కట్టించిన ఇల్లు, ఆ ఇంటికి వీళ్లే వేసుకున్న రేకుల వసారా.

దివాకర్ కారు సెకండ్ హ్యాండ్‌ది. కొన్నప్పుడే అందులో మ్యాపు తెర ఉంది. ఆ మ్యాపు ఊరు మునగకముందు తయారైంది. అందులోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో దారి చెబుతుంది. ఫోనులోంచి ఇంకో ఆడగొంతు తెలుగులో చెబుతుంది. ఐలేశం మొదటిదానికి పెద్దమ్మ అని, రెండోదానికి చిన్నమ్మ అని పేర్లు పెట్టాడు. ఇద్దరు సవతులను ఒకే ఇంట్లో ఏలుతున్నట్టుంది సార్ నా పని, అనేవాడు.

పెద్దమ్మకు మన ఊళ్ల పేర్లు నోరు తిరగవు. మోత్కూర్‌ను "మాట్కర్" అంటుంది, కేతేపల్లిని ఎవరో దొరసాని పేరులాగా సాగదీస్తుంది. హైవే మీద కొత్తగా లేచిన వంతెనలు దానికి తెలియవు. వంతెన మీద పోతుంటే కిందున్న పాత రోడ్డు మీద పోతున్నాననుకుని, లేని మలుపు దగ్గర తిరగమని గోల చేస్తుంది. కానీ దానికి సిగ్నల్ అక్కర్లేదు. దిండి దిక్కు గుట్టల మధ్య ఫోను మూగబోయినా అది దారి చెబుతూనే ఉంటుంది. మే నెల ఎండకు ఆగిపోదు. దారి చెబుతూ చెబుతూ మధ్యలో డీలర్ ఫోను రాగానే తెర దాచుకోదు.

చిన్నమ్మ చురుకైనది. ఎక్కడ లారీ బోల్తా పడిందో, చిట్యాల దగ్గర ఎంతసేపు ఆగాలో ముందే చెప్పేస్తుంది. నిన్న వేసిన రోడ్డు ఇవాళ దాని నోట్లో ఉంటుంది. కానీ దాని తెలుగు ఏ ఊళ్లోనూ ఎవరూ మాట్లాడని తెలుగు. ఒకసారి "ముందున్న కూడలి వద్ద నిష్క్రమించండి" అంది.

"నిష్క్రమించుడంటే చచ్చుడే గద సార్?" అని అడిగాడు ఐలేశం.

"బయటికి పొమ్మంటుందయ్యా" అన్నాడు దివాకర్ నవ్వాపుకుంటూ.

"గట్లైతే పో అంటే అయిపాయె. మనిషిని భయపెట్టుడెందుకు?"

ఈ రెండింటికీ అసలు తేడా ఇంకొకటుంది. దాన్ని షోరూముల్లో ఎవరూ చెప్పరు. కారు మ్యాపును ఒకసారి కంపెనీవాళ్లు రాసి బిగిస్తారు. మనం దాన్ని తాకలేం. ఫోను మ్యాపును మనలాంటివాళ్లు ఎవరైనా సరిచేయవచ్చు, లేని ఊరిని కలపవచ్చు. అందుకే కారు మ్యాపులో ఐలేశం కాలనీ లేదు, దాంతోపాటు ఆ తిట్టు కూడా లేదు. ఫోను మ్యాపులో కాలనీ చేరింది. చేరినప్పుడు తిట్టుతో చేరింది.

*

కాలనీకి వచ్చి ఏళ్లు గడిచాక పెద్దలంతా కూర్చుని ఒక నిర్ణయం చేశారు. మాఘమాసంలో బొడ్రాయి నాటాలి. ఊరి నడుమ బొడ్రాయి లేనిది మన దగ్గర ఊరు కాదు, ఇళ్ల గుంపు. ఊరికది బొడ్డు. పాత బొడ్రాయి నీళ్ల అడుగున ఉంది, దాన్ని పెకిలించి తెచ్చే ఆచారం లేదు. కాబట్టి కొత్త రాయి. బొడ్రాయి పండుగకు ఊరి ఆడబిడ్డలందరూ రావాలి. ఏ ఊరికి ఇచ్చినా, ఎంత ముసలివాళ్లయినా, పిలిచి ఒడిబియ్యం పోయాలి.

చిక్కు అక్కడే వచ్చింది. ఆడబిడ్డల్లో చాలామంది పాత ఊరినుంచి అత్తవారిళ్లకు పోయినవాళ్లు. కాలనీ ఎక్కడుందో కొందరు చూడనేలేదు. ఫోనులో పంపడానికి నిరోష అందమైన పిలుపు కార్డు తయారుచేసింది. అందులో తేదీ ఉంది, పూజల వేళలు ఉన్నాయి. చోటు చెప్పే లొకేషన్ లేదు.

"లొకేషన్ పెట్టకుంటే ఎట్లొస్తరే బిడ్డా? గా కేతేపల్లి వాళ్లకు ఈ తొవ్వ తెల్వనే తెల్వది" అంది అండాలు.

"పెడితే ముంపోళ్ల కాలనీ అని పడుతదమ్మా."

"పడితే పడనీ. వచ్చేటోళ్లు మనోళ్లే గద."

నిరోష ఫోను పక్కన పెట్టేసింది. "ఒకపారి నా క్లాసోళ్లకు పంపిన. గప్పటిసంది హాస్టల్ల నా పేరే మరిచిపోయిన్రు. ముంపు ముంపు అనుడే. అత్తగారింటి ముందట ఫోను తీసి, మా తల్లిగారూరు గిదీ అని గా పేరు చూపియ్యాల్నా ఆడబిడ్డలు?"

ఐలేశం అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. "పిలగాండ్లు అంటరు బిడ్డా. మనం పట్టిచ్చుకోవద్దు" అన్నాడు.

"నీకు సప్పుడు జెయ్యకుంట కూసునుడు అలవాటైంది నాయినా. నాకు కాలే. నాకు కావద్దు కూడ."

ఆ మాటకు అండాలు బిడ్డను కసిరింది. ఐలేశం కసరలేదు. తిన్న కంచం తీసుకుపోయి కడిగి, వచ్చి బిడ్డ పక్కన కూర్చున్నాడు.

"పండుగలోపల పేరు మార్పిచ్చుడు అయితదా?"

"అయితది నాయినా. ఒక్కరు చెప్తే ఇనరు. కాలనంతా చెప్పాలె."

*

ఐలేశం ముందు పెద్దమ్మనే నమ్మాడు. కంపెనీ రాసిన మ్యాపు కదా, అందులో కాలనీ ఎక్కిస్తే ఇక ఎవరూ చెరపలేరని ఆయన లెక్క. సర్వీసింగ్‌కు కారు తీసుకుపోయినప్పుడు అక్కడి మనిషిని అడిగాడు.

"ఈ మోడలుకు కొత్త మ్యాపు రాదన్నా. బంద్ చేసిన్రు" అన్నాడతను.

"బండి ఇంకా నడుస్తుంది గదనే?"

"బండి నడుస్తది. మ్యాపు నడవది. కొత్త బండి కొనమను మీ సార్‌ను."

చక్రాలు తిరుగుతున్న బండికి దారి చూపడం మానేసే హక్కు కంపెనీకి ఎవరిచ్చారు? టైర్లు అరిగితే మార్చుకుంటాం, దీపం మాడితే మార్చుకుంటాం. మ్యాపు పాతబడితే మాత్రం బండినే మార్చుకోవాలట. ఈ దబాయింపును మనం ఆధునికత అనుకుంటున్నాం.

ఇక మిగిలింది చిన్నమ్మే. ఆదివారం మధ్యాహ్నం కాలనీ కమ్యూనిటీ హాలు ముందు అందరినీ ఫోన్లతో రమ్మన్నారు. ఐలేశం దివాకర్‌ను అడిగి ఆ పూటకు కారు తెచ్చాడు. ఊరి పేరును కారు మ్యాపులో అందరికీ కళ్లారా చూపించి ఫోన్లలో ఎక్కిద్దామని ఆయన ఆలోచన. కారు తలుపులన్నీ తెరిచి పెట్టాడు. తెర మీద ఊటబావి వెలిగింది. పాత గల్లీలతో, పాత రోడ్డుతో, ఊరు ఊరుగానే ఉంది.

జనం కారు మీద పడ్డారు. "గిదే మా గల్లి." "గాడ మలిగితే మా బాయి." "జర జరుగే, నన్ను చూడనీ." పేరును కళ్లకు అద్దుకున్నవాళ్లున్నారు. తోసుకోలేక దూరంగా నిలబడిన బక్కమ్మను తెచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టారు. కాలనీలో అందరికంటే పెద్దది ఆమె. పాత బొడ్రాయికి ఏటా పసుపు రాసిన చెయ్యి. నీళ్లు ఎక్కుతున్నప్పుడు రాయి మునిగేదాకా కట్ట మీదనుంచి కదలకుండా నిలబడిన మనిషి.

"బొడ్రాయి ఏడున్నది ఐలేశా?" అని అడిగింది.

ఐలేశం తెర మీద వేలు పెట్టి చూపించాడు. బక్కమ్మ ఆ చోట తన వేలు పెట్టింది. "మరింకేంది. ఊరంటే బొడ్రాయే. గీడనే పెట్టుండ్రి."

అందరికీ అది న్యాయంగానే తోచింది. మీ ఊరెక్కడ అని అడిగితే, ఆ ఊళ్లో పుట్టినవాళ్లెవరైనా బొడ్రాయి ఉన్న చోటే చూపిస్తారు. కారు తెరను చూసుకుంటూ, ఒకరి ఫోనులోకి ఒకరు తొంగిచూస్తూ, పేరు రాసి ఎర్రటి గుర్తులు గుచ్చారు. కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు, అవి తలా ఒక తీరు. ఒకాయన ఊరి పేరు బదులు తన పేరు రాశాడు. నిరోష హాల్లో కూర్చుని, ఫోను వాడటం చేతకాని ముసలివాళ్లకు సాయం చేస్తోంది. బయట ఎవరెక్కడ గుచ్చుతున్నారో ఆమె చూడలేదు. కారులోని మ్యాపుకు నీళ్ల సంగతి తెలియదని అందరికంటే బాగా తెలిసిన ఐలేశానికి కూడా, ఊరిని ఊరిగా చూసిన ఆ సంతోషంలో, నీళ్లు గుర్తుకు రాలేదు.

*

తర్వాత చాలామంది ఫోన్లకు ఒకటే జవాబు వచ్చింది. మీ సూచనను నిర్ధారించలేకపోయాం అని. ఎలా నిర్ధారిస్తారు? మ్యాపువాళ్ల లెక్కన అది నీలం రంగు, అంటే నీళ్లు. కానీ ఏ ధర్మాననో ఒక గుర్తు మాత్రం నిలిచింది. ఆ సంగతి గిరి వల్ల బయటపడింది.

గిరి పక్క ఊరి పిల్లవాడే, ఇప్పుడు పెళ్లయి బైకు మీద పార్సిళ్లు పంచుతున్నాడు. ఐలేశం ఇంట్లో ఉన్న శనివారం నాడు, వీపున సంచీతో, మోకాళ్లదాకా బురదతో కాలనీలోకి వచ్చాడు.

"ఓ ఐలేశమన్నా! ఊటబావికి పార్సిలంటే ఫోన్ల చూసుకుంట పోయిన. కట్ట మీదికి తీస్కపోయి, ఇంకా ముందుకు పో ముందుకు పో అంటది. నీళ్ల కిందికి పోవాల్నా నేను? చేపలకియ్యాల్నా మీ పార్సిలు?"

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. నిరోష గిరి ఫోను తీసుకుని చూసింది. రిజర్వాయర్ నడిమధ్యన, నీలం రంగు మీద, ఊటబావి. ఆమె తల పట్టుకుంది. "నాయినా, కారుల చూసి గుచ్చిన్రా అందరు?"

ఐలేశానికి అర్థమైంది. ముఖం చిన్నబుచ్చుకున్నాడు. గిరి మాత్రం ఊరుకోలేదు.

"గింత మంచిగ ముంపోళ్ల కాలనీ అని నేను పెట్టినదాన్ని ఇడిచిపెట్టి, గా నీళ్లల్లదెందుకే మీకు?"

నవ్వులు ఆగిపోయాయి.

"గది పెట్టినోనివి నువ్వా?" అన్నాడు ఐలేశం.

"నేనే. పార్సిళ్లు తప్పిపోతున్నయని పెట్టిన. నేను తిట్టలేదన్నా, అందరన్నదే రాసిన. మీ రోడ్డు మీద బోర్డున్నదా? లేదు. గిది మా పేరు గాదని మీరు ఒక్కనాడన్నా చెప్పిన్రా?"

గిరి అడిగింది తప్పుడు ప్రశ్న కాదు. అయినా ఆ ప్రశ్నలో ఒక మోసం దాగి ఉంది. దెబ్బ తిన్నవాడు అరవలేదు కాబట్టి దెబ్బ తగల్లేదని తేల్చే మోసం. ఎన్నో ఏళ్లుగా మన సమాజం ఈ ఒక్క వాదంతోనే బతికేస్తోంది. అవతలివాడు ఊరుకున్నాడంటే ఒప్పుకున్నట్టే అని.

ఐలేశం వసారాలోంచి బయటకు వచ్చాడు. గొంతు పెంచలేదు. "చెప్పలే. నాదే తప్పనుకో. ఇప్పుడు చెప్తున్న ఇను గిరీ. గది మా పేరు కాదు. ముంచింది మేం కాదు, మునిగింది మేము. మీ ఊరి చెరువు కింద పారే నీళ్లు మా ఊరి మీదికెళ్లి వస్తున్నయ్. ఇంకోపారి గా మాట నీ నోట్లెకెళ్లి రావద్దు, నీ ఫోన్ల ఉండద్దు."

గిరి నిరోష చేతిలోంచి తన ఫోను తీసుకున్నాడు. "చెప్పినవు, మంచిది. తీసేస్త అన్నా. మరి ఏం పేరు పెట్టాలె, ఏడ పెట్టాలె? నీళ్లల్ల పెడితే నేను మళ్ల బురదలనే పోవాలె."

అందరూ అరుగు మీద కూర్చున్న బక్కమ్మ వైపు చూశారు.

"ఊరు ఆడనే ఉన్నది" అంది బక్కమ్మ. "నీళ్లు మీద కూసున్నయ్, గంతే. ఇది కాలనీ. రాయి నాటినంకనే ఊరు. రాయి నాటినంక రాండ్రి, అప్పుడు చెప్త."

బక్కమ్మది మొండితనం అనుకుంటే పొరపాటు. గుర్తును ఇక్కడికి జరపడమంటే, ఊరు అక్కడ లేదని తన నోటితో తాను ఒప్పుకోవడం. ఎవరు బలవంతపెట్టినా ఆమె అంతవరకు ఆ మాట అనలేదు. నష్టపరిహారం ఇవ్వడానికి వచ్చిన అధికారుల ముందు కూడా, మా ఊరు ఉంది అనే చెప్పింది.

నిరోష ఆమె ముందు గొంతుక్కూర్చుంది. "అవ్వా, రాయి నాటేనాడు ఆడబిడ్డలు రావాలె గద?"

"రాకుంటె ఎట్ల?"

"మీ బిడ్డ మంజులత మోత్కూర్‌కెళ్లి వస్తది. ఊరు మునిగినంక రాలే. ఊటబావి అని ఫోన్ల కొడితే ఇప్పుడు ఏడికి పోతది?"

బక్కమ్మ కర్రను దగ్గరికి లాక్కుంది. గిరి మోకాళ్ల మీది బురద వైపు చూసింది.

"కట్ట మీదికి పోతది అవ్వా. నీళ్లను చూసుకుంట నిలబడుతది. పండుగ ఈడ అయిపోతది."

కన్నకూతురు పూలూ పసుపూ పట్టుకుని ఆ నీళ్ల ముందు ఒంటరిగా నిలబడటం బక్కమ్మకు కళ్ల ముందు కనపడిందేమో. తాను నిలబడిన చోటే అది. కర్ర పట్టుకుని లేచింది. ఎవరి సాయమూ తీసుకోకుండా కాలనీ నడిమధ్య, బొడ్రాయి కోసం చదునుచేసి పెట్టిన జాగా దాకా నడిచింది. కర్రతో నేలను పొడిచింది.

"గీడ నిలబడుండ్రి. గీడనే గుచ్చుండ్రి. రాయి పండుగనాడు వస్తది. జాగ ఇయ్యాల్టిసంది ఊరే. పేరు మాత్రం గదే ఉండాలె, ఊటబావి. ముందట కొత్త అని పెట్టద్దు, పాత అని పెట్టద్దు. ఊటబావి."

"అందరు తెలుగుల్నే రాయుండ్రి, ఒక్కతీరుగ" అని అరిచింది నిరోష.

కాలనీ అంతా ఆ జాగా చుట్టూ చేరింది. ఈసారి ఎవరూ కారు తెరను చూడలేదు. తాము నిలబడిన నేలను చూసి గుచ్చారు. గిరి వాళ్ల మధ్యలో నిలబడి, తాను పెట్టిన పేరు తప్పని, ఇక్కడివాళ్లు దాన్ని ఒప్పుకోరని రాసి పంపాడు. నీళ్ల మధ్యనున్న గుర్తును కూడా తీసేయమని రాశాడు. పక్క ఊళ్లో తనలాగే పార్సిళ్లు పంచేవాళ్లకు, ఆటోవాళ్లకు ఫోన్లు చేసి వాళ్లతోనూ రాయించాడు. తప్పు దిద్దుకోవడమంటే తలవంచుకోవడం కాదు, ఇలా నలుగురిని కదిలించడం. గిరిలో నాకు నచ్చిన గుణమది.

పండుగకు ముందే పేరు మారింది. నిరోష లొకేషన్ పెట్టి కార్డును మళ్లీ పంపింది. దాన్ని ముందుగా పంపింది తన హాస్టల్ వాళ్లకు. "మా ఊరు ఊటబావి. బొడ్రాయి పండుగ. రాండ్రి" అని రాసింది.

పండుగనాడు మంజులత మోత్కూర్ నుంచి అల్లుడి కారులో దిగింది. దిగగానే తల్లిని పట్టుకుని, "తొవ్వ ఎవ్వర్ని అడగలేదే అమ్మా. ఫోనే తీస్కొచ్చి నీ ముందట నిలబెట్టింది" అంది. బక్కమ్మ కూతురి ఒళ్లో ఒడిబియ్యం పోసి, రాయికి పసుపు రాయడానికి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. దివాకర్ కూడా వచ్చాడు. కారులో పాత తెర పీకించి, ఫోనుతో కలిసి పనిచేసే కొత్త తెర వేయించాలనుకుంటున్నానని ఐలేశంతో అన్నాడు.

"వేపియ్యుండ్రి సార్. ఊరి పేరు ఫోన్లకెక్కింది, ఇప్పుడు నాకేం ఫికర్ లేదు" అన్నాడు ఐలేశం. "కానీ గుట్టల్లకు పోయేముందు చిన్నమ్మ మ్యాపును ఫోన్ల దింపి పెట్టుకోవాలె. లేకుంటే సిగ్నల్ పోంగనే నోరు పడిపోతది."

ఐలేశం ఇప్పుడు చాయ్ హోటల్లో ఎవరైనా పాత మాట అంటే ఆపి, "ఊటబావి అనన్నా" అంటాడు. గట్టిగా అనడు. కానీ ప్రతిసారీ అంటాడు.

*

చదువుతున్న మీకొక పని చెబుతున్నాను. ఇది రేపటికి పెట్టుకునే పని కాదు. మీ ఫోనులో మ్యాపు తెరిచి ముందు మీ ఊరిని చూడండి. తర్వాత ఊరి బయటి వాడను చూడండి, తండాను చూడండి, ప్రాజెక్టు కింద లేచి వచ్చినవాళ్ల కాలనీని చూడండి. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో అలాంటివి ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. కొన్నింటికి పేరే ఉండదు. కొన్నింటికి పక్కవాళ్లు ఎగతాళికి పెట్టిన పేరుంటుంది. కులం పేరో, వాళ్ల కష్టం పేరో ఉంటుంది. అది కనపడితే మీకు తోచిన మంచి పేరు మీరే రాసేయకండి. అక్కడికి పోండి. మీ ఊరినేమంటారని అక్కడివాళ్లనే అడగండి. వాళ్లు నిలబడిన చోట నిలబడి, వాళ్లు చెప్పిన పేరును, వాళ్ల చేతనే, తెలుగు అక్షరాల్లో రాయించండి. ఒక్కరు రాస్తే నిలవదు, పదిమందిని కూడగట్టండి. రోడ్డు మీద బోర్డు పెట్టమని పంచాయతీని నిలదీయండి. కొత్త కారు కొనబోతుంటే, ఈ తెరలోని మ్యాపును ఎన్నేళ్లు మారుస్తారు, ఎవరి ఖర్చుతో మారుస్తారు అని అడిగి, రాతలో ఇస్తేనే కొనండి. ఆ తప్పుడు పేరు రాసింది మీరే అయితే, ఎవరో వచ్చి అడిగేదాకా ఆగకుండా మీ చేత్తోనే దిద్దండి.